ఊళ్ల పేర్లతో చీర అంచు

ముందు శుభవార్త: నా ఉద్యోగం ఖాయమైంది! మా నగరి వీధిలో మగ్గం చప్పుడు లేని ఇల్లు లేదు, మా ఇంట్లో నేను తప్ప డిగ్రీ పట్టా తెచ్చిన మనిషి లేడు. అలాంటి ఉద్యోగాన్ని ఒక్క మీట నొక్కి ఎలా మట్టిలో కలపబోయానో ఇప్పుడు చెబుతాను. నవ్వండి, కానీ మా అమ్మకు వినపడకుండా.

తిరుపతిలో సర్వేలు చేసే చిన్న ఆఫీసు మాది. ప్రొబేషన్ చివర్లో మా సారు, గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో దాచిన పాత మగ్గాల సర్వే ఫైలు ఒకటి ఇచ్చారు.

“దీనికి వివరణ పత్రం రాయాలమ్మా. ఏ వరసలో ఏముండాది, ఏ అంకెకు ఏమర్థం, అక్షరాలు ఏ పద్ధతిలో దాచినారు, అన్నీ. కొత్తోళ్లు అది సూసే పని చేయాల. బాగుంటే నీ ఉద్యోగం ఖాయం.”

“రేపే ఇచ్చేస్తా సార్!”

అంకెల వరసలు బుద్ధిగానే ఉన్నాయి. ఒకటంటే సొంత మగ్గం, రెండంటే కూలి మగ్గం, తొమ్మిదంటే జవాబు చెప్పలేదు. చివరి వరస దగ్గర మాత్రం నా కళ్లు మెత్తబడ్డాయి. నెత్తిన గీత పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరం, పక్కన బుల్లి సున్న, ఓ గుర్తు. మళ్లీ అదే అక్షరం, అదే సున్న, ఇంకో గుర్తు. మీకైతే చెత్తలా కనిపించేది. మగ్గం పక్క ఉయ్యాలలో పెరిగిన నాకు చీర అంచు కనిపించింది! ఫ్యాను చప్పుడు, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడైంది. కిటికీలో కొండ నీలం పట్టులా జారింది. ఆ చీర కట్టుకుని మబ్బుల మీద నడుస్తుంటే, దేశదేశాల వాళ్లు నా పత్రం చేతపట్టుకుని దారికి ఇరువైపులా నిలబడ్డారు.

ఆ కలలోనే రెండు పనులు చేశాను. ఆ వరసను వేరే ఫైలుగా తీసి, తెర ఫొటో కూడా జతచేసి, “ఈ అంచు ఎట్లుండాది నాయనా?” అని మా నాయన ఫోనుకు పంపాను. తర్వాత నా దగ్గరున్న ఆ ముక్కనూ, అసలు ఫైల్లోని ఆ వరసనూ తుడిపేసి, “చివరి వరస అలంకారం మాత్రమే, తొలగించడమైనది” అని పత్రంలో ఎంతో పద్ధతిగా రాశాను.

పత్రం ఇచ్చిన వారానికి సారు పిలిచారు. “ఊర్ల పేర్లు యాడికి పోయినాయమ్మా?”

“ఊర్లు లేవు సార్. అంచు ఒకటుండె, తీసేసినా.”

“అంచా?”

“శానా బాగుండె సార్.”

సారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. అయినా ఎదురుగా నేనే ఉన్నాను. “ఆ అంచే ఊర్లమ్మా! తెలుగు అక్షరాల్ని ఫైల్లో అంకెలుగా దాస్తారు. ఏ పద్ధతో చెప్పకుంటే సాఫ్ట్‌వేర్ దానికి తోచినట్టు సదువుతాది. అది కనిపెట్టి రాయమనే కదా నీకిచ్చింది! ఇంకో కాపీ కూడా లేదే!”

నా మబ్బులన్నీ ఒక్కసారిగా కురిసేశాయి. అక్కడే స్పీకర్ పెట్టి నాయనకు ఫోన్ చేశాను.

“ఆ ఫైలు ఉండాదా నాయనా?”

“ఉండకేమి! అది సూసి డిజైన్ గీయించి, మూరెడు నేసినాం కూడా.”

“అయ్యో, అవి ఊర్ల పేర్లంట నాయనా!” అంటూ కథంతా చెప్పాను.

“ఏం మే, ఇంత సదివి ఇదా? చిల్లులు కొట్టిన డిజైన్ అట్టలుంటాయి కదా, ఆ కట్ట మీద అది ఏ మగ్గానిదో రాసిపెడతాము. రాయకుండా వేరే మగ్గానికి ఎక్కిస్తే నెమలి బదులు పిచ్చిగీతలే వస్తాయి. మీ కంప్యూటరోళ్లు రాసుకోరా?”

సారు ఆ మాట విన్నారు. గట్టిగా నవ్వారు. నాయన తిరిగి పంపిన ఫైలును, అన్ని భాషల అక్షరాలకూ అంకెలిచ్చే యూనికోడ్ పద్ధతిలో తెరిచారు. అంచు మెల్లగా విడిపోయి, మంచు తొలగినట్టు ఊళ్లు బయటపడ్డాయి: నగరి, వడమాలపేట, సత్యవేడు… ఈసారి కల కాదు. ఊళ్లను మళ్లీ ఫైల్లో చేర్చి, నా పత్రంలో మొదటి మాటగా ఇలా రాశాను: “ముందు కట్ట మీది రాత చదవండి. ఇందులో తెలుగు యూనికోడ్‌లో ఉంది.” సారు దాని కిందే సంతకం పెట్టారు.

ఆ మూరెడు అంచును అమ్మ రవిక చేతులకు కుట్టించుకుంది. మొన్న ఒక పెళ్లిలో పక్కావిడ అడిగింది: “ఇది యా ఊరి అంచక్కా?”

“ఒక ఊరేంది? సత్యవేడు దాకా అన్నీ ఉండాయి!” అంది అమ్మ.

అమ్మ రవిక చేతి మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట కంప్యూటర్లో ఏది ఎంత అందంగా కనిపించినా, అది ఏ ఊరో కనుక్కోకుండా తుడిపెయ్యను.