ఏడో కట్టకి వేసిన పువ్వు ముడి

మా మేనత్త చేతికి ఏది దొరికినా మడత పెడుతుంది. చదివేసిన పేపరు, ఖాళీ అయిన కాగితపు సంచి, బస్సు టికెట్టు, చేతులు తుడుచుకున్న తువ్వాలు. మాట్లాడుతూ ఉంటుంది, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. ఎదుటి మనిషి లేచి వెళ్ళేసరికి బల్ల మీద ఒక చిన్న చదరం మిగులుతుంది.

"దీని పక్కన పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే నన్ను కూడా మడిచి అలమరలో పెట్టేస్తుంది" అనేవాడు మామయ్య.

ఆమె ఉద్యోగమూ అదే. రేవు చివర ఉన్న రేకుల గోదాములో ఇరవై రెండేళ్ళుగా బూములు మడుస్తోంది. ఓడలోంచి చమురు ఒలికినప్పుడు అది ఒడ్డుకి రాకుండా నీటి మీద పరిచే తేలే కంచె పేరు బూమ్. పైన వరసగా నారింజ రంగు దిండ్లు, కింద మోకాలి లోతున వేలాడే మందపాటి తెర, తెర అంచున బరువు కోసం గొలుసు. ముక్కనీ ముక్కనీ కలుపుతూ మధ్య ఒక ఇనప మేకు. ఇద్దరు హమాలీలు చెరో కొసా పట్టుకుంటే, అత్త మధ్యలో చిన్న పీట వేసుకుని కూర్చుని, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మడతలు సర్దేది. ఎక్కడా మెలిక పడకూడదు. మెలిక పడితే నీళ్ళలో ఆ చోట తెర పైకి చుట్టుకుపోతుంది, కింద ఖాళీ ఏర్పడుతుంది. చమురుకి ఆ కాస్త సందు చాలు.

మడత సరిగ్గా కుదిరిందని నమ్మకం కలిగాక అత్త ఆ కట్టకి నీలం రిబ్బను చుట్టి పువ్వు ముడి వేసేది. అనుమానం ఉంటే ఉత్త ముడి. పువ్వు ముడి ఉన్న కట్టని కళ్ళు మూసుకుని నీళ్ళలోకి వదిలేయొచ్చని పడవ నడిపే సరంగు అందరితో చెప్పేవాడు. ఆమెకి "ఇస్త్రీ అక్క" అని పేరు పెట్టింది కూడా అతనే.

చాలా ఏళ్ళదాకా ఆమె చూడనిది ఒక్కటే, తను మడిచిన బూమ్ నీళ్ళ మీద విప్పితే ఎలా ఉంటుందో. పడవెక్కితే ఆమెకి కడుపులో తిప్పుతుంది. బూములు పరిచి చూసే కసరత్తులన్నీ రాళ్ళకట్టకి అవతల జరిగేవి. గోదాములో కూర్చుంటే మోటారు చప్పుడు వినిపించేది, అంతే. కానీ కలల్లో మాత్రం ఆ కట్టలు వాటంతట అవే విచ్చుకునేవట. గడప దాటి, వీధి దాటి, ఎక్కడా తెగకుండా సాగిపోయేవట. ఆమె వాటి వెనక నడుస్తూ నడుస్తూ ఉండగానే మెలకువ వచ్చేసేదట.

"విప్పితే ఎలా ఉంటుంది తమ్ముడూ?" అని ఒకసారి సరంగుని అడిగింది.

"ఎలా ఉంటుందక్కా? తడిగా ఉంటుంది" అన్నాడతను.

సరంగుకీ ఆమెకీ మధ్య అలాంటి పోట్లాటలు చాలా ఉన్నాయి. ఒక ఏడాది కసరత్తులో మెలిక బయటపడితే అతను మడతని తప్పు పట్టాడు. అత్త అందరి ముందూ లేచి, "విప్పడం చేతకాక నా మీద పడతావా? నా మడతలో మెలిక ఉందని తేలిన రోజున ఈ ఉద్యోగం మానేస్తా!" అంది. తీరా చూస్తే తాడు లాగడంలో అతనిదే పొరపాటు. ఆ తరవాత ఆమె మడతని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

ఆ మాటే ఆమె మెడకి చుట్టుకుంది.

ఒకరోజు ఏడో కట్ట మడుస్తుండగా గోదాములోకి ఒక పిచ్చుక వచ్చింది. దారి తెలియక రేకుల కింద గిరగిరా తిరిగింది. అత్త లేచి నిలబడి, అది కిటికీ కనుక్కుని వెళ్ళిపోయేదాకా తల పైకెత్తి చూస్తూనే ఉంది. తరవాత కూర్చుంది, మిగతా మడతలు పూర్తి చేసింది, పువ్వు ముడి వేసింది. సాయంత్రం ఇంట్లో ఆరిన బట్టలు తీస్తుంటే చేయి ఆగిపోయింది. లేచేటప్పుడు గోదాము తలుపు తన ఎడమ వైపు ఉంది. పని అయ్యేసరికి కుడి వైపు ఉంది. అంటే పిచ్చుకని చూశాక పీటకి అవతల వైపు కూర్చుంది. అవతలి నుంచి మడిస్తే తెర తిరగబడుతుంది.

మర్నాడు వెళ్ళేసరికి ఆ కట్ట మీద మరో నాలుగు కట్టలు ఎక్కించేశారు. దింపించాలంటే కారణం చెప్పాలి. రేపు చెబుదాంలే అనుకుంది. అలా పద్నాలుగు రేపులు గడిచాయి.

పదిహేనో రోజు పొద్దున పొగమంచు. రేవుకి దూరంగా లంగరేసిన ఓడలో పైపు పగిలి చమురు పోయిందని ఫోను వచ్చింది. ఆ చమురు తెట్టు సముద్రపు పాయ వైపు కదులుతోందట. పది గంటలకి పోటు మొదలవుతుంది. పోటుతో పాటు తెట్టూ పాయలోకి జొరబడుతుంది. ఆ పాయలోనే మామయ్య కర్రలు పాతి, బుట్టలు వేలాడదీసి, ఆల్చిప్పలు పెంచుతున్నాడు. అవి చేతికి రావడానికి మూడేళ్ళు పడుతుంది. ఆ ఏడాదే మూడోది.

హమాలీలు కట్టల్ని ఒక్కొక్కటే పడవకి చేరవేశారు. ఐదు, ఆరు. ఏడో కట్ట అత్త ముందు నుంచే వెళ్ళింది. నీలం పువ్వు ఊగుతూ వెళ్ళింది. పడవ తాడు విప్పుతుండగా ఆమె చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తింది.

"ఆగు తమ్ముడూ!"

"ఏంటక్కా, క్యారేజీలు మర్చిపోయామా?"

"నేనూ వస్తున్నా."

"నువ్వా? రాళ్ళకట్ట మీద నిలబడితేనే కళ్ళు తిరుగుతాయంటావు!"

"తిరిగితే తిరగనీ. చెయ్యందించు."

పడవ పొగమంచులోకి వెళ్ళింది. ఒడ్డు మాయమైంది, ఆకాశమూ నీళ్ళూ ఒకే రంగులో కలిసిపోయాయి. ముందుకి వెళుతున్నారో, ఉన్నచోటే ఊగుతున్నారో తెలియలేదు. అత్త ఏడో కట్ట మీద కూర్చుంది. కలలోకి వచ్చేశానేమో అనిపించిందట, ఆ కడుపులో తిప్పటం లేకపోతే నిజంగా అలాగే అనుకునేదాన్ని అంది. రెండుసార్లు పడవ అంచు మీదికి వంగి వాంతి చేసుకుంది. సరంగు మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. ఆమె నోరు పుక్కిలించి, అతని వైపు చూడకుండా అంది.

"ఈ కట్టలో మెలిక ఉంది."

"దేన్లో?"

"నేను కూర్చున్న దాన్లోనే."

అతను నవ్వబోయాడు. "పువ్వు ముడి ఉందిగా."

"ఆ పువ్వు ముడి అబద్ధం. పదిహేను రోజుల నుంచి నాకు తెలుసు."

సరంగు ఆ నీలం రిబ్బను వైపు చూశాడు. "ఉద్యోగం మానేస్తానన్నావు" అన్నాడు.

"మానేస్తాలే. ముందు మేకు తియ్యడానికి సుత్తి ఎక్కడుందో చూడు."

పాయ నోటి దగ్గర మొదటి కొసని ఒడ్డున ఉన్న ఇనప గుంజకి కట్టారు. పడవ అవతలి ఒడ్డు వైపు ఏటవాలుగా కదిలింది. నీటికి సూటిగా అడ్డం కడితే చమురు తెర కిందికి దూరి పోతుందట. ఏటవాలుగా కడితే తెర వెంట జారుతూ ఒక మూలకి చేరుతుంది. కట్ట తరవాత కట్ట విచ్చుకుంటూ నీళ్ళలోకి దిగింది. ఏడోది వచ్చేసరికి అత్త పడవ వెనక అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది. ప్రతి మడతా ఆమె రెండు అరచేతుల మధ్య నుంచే వెళ్ళింది. ఒక చేతిలో దిండు, ఒక చేతిలో గొలుసు. దిండు, గొలుసు. దిండు, గొలుసు. ఉన్నట్టుండి రెండు చేతుల్లోకీ గొలుసే వచ్చింది.

"ఆపు!"

మోటారు ఆగింది. సరంగు పక్క అతుకు దగ్గర మేకుని సుత్తితో కొట్టి ఊడదీశాడు. అత్త బరువంతా వేసి ఆ కొసని ఒక చుట్టు తిప్పింది. తెర బుసకొట్టినట్టు చప్పుడు చేస్తూ కిందికి జారింది. మేకు మళ్ళీ దిగింది. ఆమె గోళ్ళు రెండు విరిగాయి. అది ఆమె తరవాతెప్పుడో చూసుకుంది.

ఆఖరి కట్టని అవతలి ఒడ్డు మూలన లంగరు వేసి ఆపారు. అక్కడే స్కిమ్మర్ని దింపారు. పడవవాళ్ళు దాన్ని "మీగడ మిషను" అంటారు. దాని గుండ్రటి పీపా నీటి మీద తిరుగుతుంటే చమురు పీపాకి అంటుకుంటుంది, ఒక రేకు దాన్ని గీకి గొట్టంలోకి తోస్తుంది. పాల మీద మీగడ తీసినట్టే.

తరవాత ఎదురుచూశారు. ముందు వాసన వచ్చింది. తరవాత మంచులోంచి, ఏ తొందరా లేకుండా, చమురు వచ్చింది. గోధుమ రంగు, దాని అంచున ఊదా, ఆకుపచ్చ, మళ్ళీ ఊదా. అంత అందంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు, చూస్తే ఒళ్ళు మండింది అంది అత్త. తెట్టు బూముకి ఆనుకుంది, కాసేపు ఆలోచిస్తున్నట్టు ఆగింది, తరవాత తెర వెంట మెల్లగా మూలకి జారింది. ఏడో కట్ట దగ్గర ఆమె చూపు నిలిపి ఉంచింది. దిండ్లకి బయట చమురు, లోపల నీళ్ళు మామూలుగా ఉన్నాయి. ఎంతసేపు చూసినా మామూలుగానే ఉన్నాయి. మీగడ మిషను గుడగుడమంటూ తాగసాగింది.

మంచు కొద్దిగా పలచబడింది. పాయ లోపల, నడుము లోతు నీళ్ళలో, రెండు చేతుల్లో రెండు బుట్టలతో మామయ్య కనిపించాడు. అతను కళ్ళు చికిలించి చూశాడు.

"ఏమోయ్! అది నువ్వేనా? పడవ మీదేం చేస్తున్నావు?"

"వాంతులు!" అని అరిచింది అత్త. పడవలో అందరూ ఘొల్లున నవ్వారు. ఆమె ఏడుస్తోందని సరంగు ఒక్కడే చూశాడు.

మర్నాడు ఆమె నిజంగానే రాజీనామా కాగితం రాసి, మామూలు కన్నా చిన్న చదరంగా మడిచి, ఆఫీసులో ఇచ్చింది. ఆఫీసరు విప్పి చదివి సరంగుని పిలిపించాడు.

"మడతలో మెలిక ఉందా?"

"ఉంది సార్. ఆవిడే చెప్పింది, ఆవిడే తీసింది" అన్నాడు సరంగు. "కానీ పంపించేస్తే, ఇక మీదట మెలిక పెట్టిన వాళ్ళెవరూ నోరు విప్పరు. ఆవిణ్ణి మాతో పడవెక్కించండి. అంతకన్నా పెద్ద శిక్ష ఏముంది?"

అలా ఆమె ఉద్యోగం నిలిచింది. చమురు మరకల బూములు కడగడానికి నాలుగు రోజులు పట్టింది. ఏడో కట్ట మడవడం పూర్తయ్యాక అత్త ఉత్త ముడి వేసి లేచింది. అప్పటి నుంచి అన్నిటికీ ఉత్త ముడే. ప్రతి కసరత్తుకీ పడవెక్కుతుంది, నిమ్మకాయ వాసన చూసుకుంటూ వెనక అంచున కూర్చుంటుంది, అరచేతుల మధ్య నుంచి మొత్తం వెళ్ళేదాకా కళ్ళు తెరవదు.

ఇదంతా చెబుతున్నంతసేపూ ఆమె నా బస్సు టికెట్టుని మడుస్తూనే ఉంది. అది గోరంత అయింది.

"మరి విప్పితే ఎలా ఉందత్తా?" అని అడిగాను.

"తడిగా ఉందే" అంది నవ్వుతూ.

తరవాత ఏదో గుర్తొచ్చినట్టు ఆ టికెట్టుని ఒక్కో మడతా విప్పి, బల్ల మీద పరిచి, వేలితో అంచులు సర్ది, దాని వైపు అలా చూస్తూ ఉండిపోయింది.