మార్కా వెయ్యనియ్యని మా వీరభద్రం బావ

దూరపరుగుల వీరుడు, దమ్మపేట మిరపరైతు, మా బావ వీరభద్రం దివంగతుడైన వార్త ఇల్లందు బస్టాండులో నా చెవిన పడ్డది. నా మాటల్లో ముప్పాతిక కోతలేనని ఈ ప్రాంతంలో ప్రతీతి. ఎదుటివాడు నాకే ఒక కోత వినిపిస్తున్నాడనుకొని నవ్వాను. వాడు నవ్వలేదు. భద్రాచలం దవాఖానాలో మలేరియా జ్వరం ఆ మహావేగాన్ని ఆపేసింది. అడవి దారుల్లో ఎవరికీ అందని మనిషిని ఒక దోమ అందుకున్నది.

బావ పరుగెత్తుతుంటే వెనకబడ్డ నీడ మరునాడు ఇంటికి చేరిందని, మా అక్క సైదమ్మ దానికీ అన్నం పెట్టిందని నేను ఊరూరా చెప్పేవాణ్ణి. బావ గంభీరంగా తల అడ్డం ఊపేవాడు. "గట్ల కాదు బామ్మర్దీ. మీ అక్క దానికి గంజి పోసింది, గంతే."

ఇప్పుడు చెప్పేది మాత్రం కోత కాదు. రాష్ట్ర చాంపియన్ కావాలన్నది బావ జీవితంలోని ఏకైక కాంక్ష. హైదరాబాదులో ఆ పందెం నడిపిస్తున్న పురుగుమందుల కంపెనీ ఆఫీసరు ఆయన కోసం ఖమ్మం మిర్చి యార్డుకే వచ్చాడు. బూట్లు, రైలు టికెట్టు, భోజనం అన్నీ కంపెనీవే. ఛాతీ మీద కంపెనీ పేరున్న బనీను తొడుక్కుంటే చాలు.

యార్డులో బేరం కుదిరిన బస్తా మీద కొన్న వ్యాపారి రంగుతో తన మార్కా వేస్తాడు. ఆ పైన ఇంకెవరూ దాన్ని ముట్టరు. బావ అట్లాంటి బస్తానే చూపించాడు.

"గది అమ్ముడువోయింది సారూ. నేనింకా బేరానికే రాలే."

"అందరూ వేసుకుంటున్నారు కదయ్యా!"

"ఏసుకోనియ్యుండ్రి. ఎవరి ఛాతీ వాళ్ళది."

నేను ఊరుకుంటానా? "ఏంది బావా, గింత పంతం మా అక్క ముందు సూపియ్యవేంది?" అన్నాను.

"మీ అక్క మార్కా ఒక్కటే పడ్డది నా మీద. రెండోదానికి జాగ లేదు."

బనీనుతో పాటు కంపెనీ రైలు టికెట్టూ వద్దనుకున్నాడు గనుక మిర్చి లారీలో బస్తాల మీద కూర్చొని వెళ్ళాం. తన తెల్ల బనీనుతో నిలబడ్డ బావను చూసి, గెలిచినా లెక్కలోకి తీసుకునేది లేదని నిర్వాహకులు హెచ్చరించారు.

"ఉరుకుడైతే వద్దనలే గద," అని ఉరికాడు. ఒంటికంటిన మిరపఘాటుకు వెనకవాళ్ళు తుమ్మి తుమ్మి ఆగిపోయారని అప్పట్లో నేను ప్రచారం చేసిన మాట అసత్యం. వాళ్ళు తుమ్మినా వినపడనంత ముందున్నాడు బావ.

కప్పు ఇచ్చేటప్పుడు ఆయన పేరు పిలవలేదు. రెండో స్థానంలో వచ్చిన వరంగల్ ఆటగాణ్ణి పై మెట్టు ఎక్కమన్నారు. అతడు రెండో మెట్టు మీదనే నిలబడి, "మొదటోడు అగో, గాడ నీళ్ళు తాగుతున్నడు," అన్నాడు. జనం ఆ ఖాళీ మెట్టుకే చప్పట్లు కొట్టారు. బావ చాంపియన్ అయింది అట్లా.

అంత్యక్రియల నాడు అదే కంపెనీవాళ్ళు పెద్ద పూలచక్రం తెచ్చారు. భక్తితోనే తెచ్చారు, కాదనను. దాని మీద అడ్డంగా కంపెనీ పేరున్న పట్టీ. బావ ఛాతీ మీద పెట్టబోతుండగా అక్క లేచింది. పట్టీని మెల్లగా ఊడదీసి, మడిచి వాళ్ళ చేతిలో పెట్టింది.

"పూలు పెట్టుండ్రి నాయనా. పేరుకు జాగ లేదు."

క్రీడాలోకం ఇంకెందరో విజేతలను కంటుంది. ఆ పై మెట్టు ఎవరో ఒకరు ఎక్కుతూనే ఉంటారు. దాన్ని ఎక్కకుండా గెలిచినవాడు మళ్ళీ పుట్టడు. బావా, నీకిదే నా నమోవాకం. వెనకబడ్డ నీ నీడ ఏనాటికైనా ఇంటికి చేరితే, ఈసారి గంజి నేను పోస్తాను.