మోరీ లోతు

కార్ఖానా బస్తీలో ఏసీలు బాగుచేసే నోవహు తాగుడు మానిన కొత్తలో, ప్రార్థన కూటాల్లో అతను చెప్పే సాక్ష్యంలోని మోరీ మోకాళ్ళ లోతు ఉండేది. వానలో తప్పతాగి ఆ మురుగు కాలవలో పడ్డాడు. దారిన పోతున్న షాలేమ్ పాస్టరుగారు చెయ్యిపట్టి పైకి లాగారు. జరిగింది అంతే. కానీ జనం "స్తోత్రం!" అన్నప్పుడల్లా ఆ మోరీ ఇంకాస్త లోతయ్యేది. ఏడాది తిరిగేసరికి మెడదాకా వచ్చింది. ఎక్కణ్ణుంచో ఒక చచ్చిన ఎలుక కూడా అందులోకి కొట్టుకొచ్చింది.

కూటం అయ్యాక బిర్యానీ తింటూ, ఏ కూటమూ తప్పని హదస్సమ్మ అడిగేది. "ఆ ఎలుక నీ నోటికి తగిలిందన్నవ్ గద బ్రదర్, జెర మంచిగ చెప్పు."

ఆమె పెదాల మీద నూనె మెరుస్తుండేది. నోవహు చూపు పక్కకు తిప్పుకొనేవాడు. అయినా చెప్పేవాడు. ఆ స్తోత్రాలు ఆగిపోతే మళ్ళీ సీసా పట్టుకుంటానేమోనని భయం. దేవుడి మీద కన్నా ఆ కథ మీదే ఆనుకొని నిలబడ్డాడు.

పోయిన నెల పద్మారావు నగర్‌లో ఒక విశ్వాసి ఇంట్లో జరిగిన కూటంలో ఇంకో మెట్టు దిగాడు. తాగే రోజుల్లో భార్య ప్రిసిల్లాను జుట్టుపట్టి గోడకేసి కొట్టిన సంగతి మైకులో చెప్పేశాడు. ప్రార్థన కాగానే ఆడవాళ్ళు ఆమె చుట్టూ మూగి, "ఏదమ్మా ఆ మచ్చ?" అంటూ పేలు చూసినట్టు పాపిట తీసి వెతికారు.

ఇంటికొచ్చి ఆమె తల రుద్దిరుద్ది కడుక్కుంది.

"దేవుడు నిన్ను క్షమించిండు. నేను సుత క్షమించిన. మళ్ళ నువ్వెందుకయ్యా దాన్ని తవ్వి నలుగురికి వడ్డిస్తున్నవ్? ఇంకోసారి నా సంగతి మైకుల వినపడ్డదా, యాప్రాల్‌ల మా అక్క దగ్గరికి పోత. నన్ను పిలువకు."

ఈ ఆదివారం సాయంత్రం మళ్ళీ అదే ఇంటి మేడ మీద కూటం.

"చెల్లెమ్మ సంగతి మాత్రం వదలొద్దు బ్రదర్," అన్నారు పాస్టరుగారు చెవిలో. "పోయినసారి దానికే అందరూ కదిలిపోయారు."

నోవహు మైకు అందుకున్నాడు. "ఆ రోజు వాన..." అన్నాడు అలవాటుగా. ముందు వరుసలో హదస్సమ్మ నోరు కొంచెం తెరుచుకుంది. పక్కనున్నవాళ్ళు అప్పుడే ప్రిసిల్లా తలవైపు తిరిగారు. పెంట మీద ముసిరే ఈగలు గుర్తొచ్చాయతనికి. ఆ పెంట పరిచింది తనే.

"మోరీ మోకాళ్ళ లోతే," అన్నాడు. "ఎలుక లేదు, నేనే కల్పించిన. నా భార్య సంగతి ఇంక ఏడా చెప్ప. ఇయ్యాల పొద్దుగాల సుత నాకు తాగబుద్ధయింది. నిన్న ఆపినాయన ఇయ్యాల సుత ఆపుతడని నమ్ముకొని ఒచ్చిన. గంతే."

ఒక్క స్తోత్రం లేదు. మైకు తిరిగిచ్చేశాడు. ఆనుకోవడానికిప్పుడు కథ లేదు.

"ఏందీ, గింతేనా?" అంది హదస్సమ్మ పక్కావిడతో. పాస్టరుగారు ముఖం ముడుచుకొని పాట ఎత్తుకున్నారు.

మొగుడూ పెళ్ళాలు బిర్యానీకి ఆగలేదు. బస్టాపుకు వైన్స్ ముందునుంచే దారి. ఉచ్చకంపు, పులిసిన కంపు, కాళ్ళకింద ప్లాస్టిక్ గ్లాసులు. నోవహు ఊపిరి బిగబట్టాడు. ఆ మరుక్షణమే నోరూరింది. తన నోరంటే తనకే రోత పుట్టింది.

"నోరూరుతుంది, ప్రిసిల్లా," అన్నాడు దాచకుండా.

"థూ!" అందామె. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, రెండో చేత్తో అతని మోచెయ్యి పట్టుకుంది. "ప్రభువును పిలువు. గట్టిగ పిలువు. నడువు."

"యేసయ్యా," అన్నాడు నోవహు. గ్లాసులు తొక్కుకుంటూ నడిచాడు.