మ్యాపూ, మిషనూ, నీళ్లలో నిలబడినామె

దయ్యాల మాట ఎత్తితే ఆడినుంచి లేచి అవతలికి నడిచే రకం నేను. జలాశయం ఆఫీసులో మ్యాపులు గీసే పని నాది. కొలిచింది తప్ప ఇంకోటి నమ్మేవాణ్ణి కాదు. ఇది నమ్మమని కూడా ఎవరికీ చెప్పను. అంత ఓపిక లేదు.

ఎనభైల మొదట్లో, వరసగా కరువులు చూసినాక, పామిడి దిక్కు పెన్న మీదుండే మా చిన్న జలాశయం నిండింది. అన్నేళ్లూ ఎండిన ఒండ్రు కొలిచి కొలిచి విసిగినోళ్లం. నీళ్లు చూసి మా ఇంజనీరు గారికి షికారు బుద్ధి పుట్టింది. ఒక ఆదివారం పొద్దున భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ ఆఫీసు పడవ ఎక్కించినారు. నడిపేది మస్తాన్. దారి చెప్పేదానికి నేను.

నా చేతిలో డ్యాం కట్టకముందు గీసిన పాత మ్యాపు. మునిగిన ఊరి ఇండ్లు, రాతిగుండ్లు అన్నీ అందులో ఉన్నాయి. ఇంజనీరు గారు కొత్తగా వచ్చిన మిషన్ ఒళ్లో పెట్టుకున్నారు. పడవ కింద ఎంత లోతుందో దాని ముల్లు చూపిస్తుంది.

"ఆ చినిగిపోయిన కాగితం మడిచిపెట్టప్పా" అన్నారు.

"మిషన్ కిందుండేదే చెప్తాది సార్, ముందరుండేది చెప్పదు" అన్నాను.

చివరికి రెండూ చూసుకుంటా పోదామన్నారు. ఆ రోజు రెండూ ఒకే మాట చెప్పినాయి. మిషన్‌లో ఇరవై అడుగుల లోతు. మ్యాపులో అడ్డమేమీ లేదు. నేరుగా పొమ్మని మస్తాన్‌కి నేనే చెప్పినాను.

కాసేపటికి ముందర ఒక ఆడమనిషి కనపడింది. నడుములోతు నీళ్లలో నిలబడి ఉంది. నెత్తిన గుడ్డల మూట. మమ్మల్ని తోసేస్తున్నట్టు చెయ్యి ఊపుతా అరిచింది.

"ఈడికి రావద్దప్పా! పక్కకి పోండి!"

మస్తాన్ గబుక్కున కుడికి తిప్పినాడు. అప్పటికి ఆమె ఇంకా ఇరవై గజాల దూరంలోనే ఉంది. పడవ పక్క దేన్నో గీరుకుంది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడినారు. సర్దుకుని చూసేసరికి ఆమె లేదు.

మునిగిపోయిందనుకొని చాలాసేపు వెతికినాం. ఆమె ఉన్నచోట మస్తాన్ వెదురుగడ దించితే అడుగు తగల్లేదు. మిషన్ చూస్తా ఉండిన ఇంజనీరు గారు కేక మాత్రమే విన్నారు. ఆయన భార్య ఆమెను చూసింది, నెత్తిన మూటతో సహా. చుట్టుపక్కల ఊళ్లలో విచారించినాం. ఎవరూ తప్పిపోలేదు.

ఎండాకాలానికి నీళ్లు దిగిపోయినాయి. మళ్లీ కరువే. మస్తాన్, నేను బీటలిచ్చిన ఒండ్రు మీద నడుచుకుంటా ఆడికి పోయినాం. మేం పోతున్న దారికి నేరుగా, రెండిండ్ల ఎత్తు రాతిగుండు. దాని కొస దగ్గర మా పడవ నీలం రంగు అంటుకొని ఉంది. మ్యాపులో సరిగ్గా ఆ చోట మడత పడి సిరా చెరిగిపోయింది. అంతవరకు అర్థమైంది.

గుండుకి ఇరవై గజాల అవతల, ఆమె నిలబడిన చోట, పాత దిగుడుబావి నోరు తెరుచుకొని ఉంది. మస్తాన్ రాయి విసిరినాడు. శబ్దం వచ్చేదానికి కాసేపు పట్టింది.

"ఏమన్నా, గుండు మీద నిలబడిందంటే ఒప్పుకుంటా. ఈడ ఆమె కాళ్లు దేనిమీద ఆనినాయి?" అన్నాడు.

ఇద్దరం బావి గట్టున కూర్చున్నాం. మ్యాపు తీసి, చెరిగిన మడత మీద గుండునీ, దాని అవతల బావినీ పెన్సిల్‌తో గీసినాను. నేను రిటైరై చానా ఏళ్లయింది. ఆమె ఎవరో వెతికేది మానేసినాను. ఆ పొద్దు పడవలో ఉన్న ఇద్దరు పిల్లలూ ఇప్పుడు పెద్దోళ్లైనారని మాత్రం తెలుసు.