తెర మామయ్య తాడు జారిన రోజు

తెర మామయ్యకు ఒకటే జబ్బు. ఈ కాలంలో పుట్టినదేదీ ఆయన కంటికి ఆనదు. నాటకశాలలో నలభై ఏళ్లుగా తెర లాగుతున్నాడు. గొప్పవాళ్లంతా పాతవాళ్లేననీ, తర్వాతివాళ్లు జనాభా లెక్క కోసం పుట్టారనీ ఆయన సిద్ధాంతం. మనుషులతో ఆపినా బాగుండేది. పన్ను నొప్పితో వెళ్లి, ఆ రోజుల్లో నొప్పులు ఇంత నీరసంగా ఉండేవి కావని డాక్టరుతో గొడవపడ్డాడు. ప్రేక్షకుల్లో ఎవరైనా దగ్గితే, "ఆ రోజుల్లో దగ్గినా శ్రుతిలో దగ్గేవారు" అని మూతి విరిచేవాడు.

ఆయన మేనకోడలు అదే శాలలో టికెట్లు అమ్ముతుంది. ఆ సాయంత్రం ఆమె మొదటి కచేరీ. బాగా పాడితే నెలనెలా అవకాశం, లేకపోతే మళ్లీ టికెట్ల కిటికీయే అని మేనేజరు తేల్చి చెప్పాడు. వారం రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు. కాస్త ధైర్యం చెబుతాడని మామయ్య దగ్గరికి వెళ్లింది. అదే పొరపాటు.

"మామయ్యా, భయంగా ఉంది."

"భయమా! ఆ రోజుల్లో పెద్దావిడ వేదికెక్కితే మైకే భయపడేది."

పెద్దావిడంటే అక్కడ ముప్పై ఏళ్లు పాడిన మహాగాయని. తాడు పక్కన వేలాడే ఆవిడ ఫొటోకు మామయ్య దణ్ణం పెట్టాడు. "ఆవిడ ఆవులింత కూడా నీ పాట కంటే బాగుండేదే!"

"అసలు నువ్వు మా అమ్మ తమ్ముడివేనా?" అని పళ్లు నూరుతూ ఆమె వేదిక మీదకు నడిచింది. ఆ కోపంలో భయం తగ్గి, పల్లవి చక్కగా సాగింది. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం బుర్ర ఖాళీ. నోరు తెరిచింది, మాట రాలేదు. మొదటి వరసలో మేనేజరు కనుబొమలు పైకి లేచాయి.

దభీమని తెర పడింది.

జనం ఈలలు వేశారు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటయ్యా ఇది?"

"తాడు జారింది సార్. ఈ కాలపు తాళ్లు! ఆ రోజుల్లో తాడంటే ఏనుగును కట్టొచ్చు. ఆ నార వేరు, ఆ పేనేవాళ్లు వేరు..."

మేనేజరు చేతులు జోడించినా వదల్లేదు. ఉపన్యాసం ఆపకుండానే మేనకోడలికి మంచినీళ్లు అందించాడు. ఆమె తాగి, కళ్లు మూసుకుంది. చరణం గుర్తొచ్చింది. తలూపింది. తాళ్ల చరిత్ర మాట మధ్యలో ఆగిపోయి, తెర లేచింది.

ఇక పాట ఎక్కడా తడబడలేదు. చప్పట్లు మోగాయి. "వచ్చే నెలా నువ్వే పాడుతున్నావమ్మా. ఈలోగా ఆ తాడు మార్పిస్తాను" అని మేనేజరు వెళ్లిపోయాడు.

"అవీ ఒక చప్పట్లేనా? ఆ రోజుల్లో..." అని మామయ్య అందుకున్నాడు. ఆమె వినడం లేదు, తాడును పట్టి చూస్తోంది. కొత్త తాడు. పోయిన నెలే కట్టారు.

"ఇది జారిందా మామయ్యా?"

ఆయన ఫొటో అద్దం తుడవసాగాడు.

"ఇంతకుముందు ఎవరికైనా ఇలా జారిందా?"

మామయ్య ఫొటో వైపు దొంగచూపు చూశాడు. "పెద్దావిడకి పదకొండుసార్లు" అన్నాడు గొణుగుతూ. "ఎక్కడా అనకు."

ఆమెకు మేనమామ మీద ప్రేమ పొంగుకొచ్చింది. "అయితే నేనూ ఆవిడంతదాన్నేగా?"

తెర మామయ్య ఇంతెత్తున లేచాడు. "చాల్లే సంబడం! ఆవిడ మరిచిపోతే ఏకంగా పాటంతా మరిచిపోయేవారు. నువ్వు మరిచిపోయింది ముష్టి ఒక్క చరణం!"