కూర్చున్న మంచు

బందరులో ఇల్లు కట్టాలంటే ముందు మెరక తోలించాలి. మా నాన్న పల్లపు స్థలంలో లారీలతో మట్టి పోయించి, ఒక వానాకాలం దాన్ని అలాగే వదిలేశారు. వానలు వెలిశాక రోజూ వెళ్లి కాలితో తొక్కి చూసేవారు. ఓ పొద్దున ఇద్దరం నిలబడి ఉండగా నేల ఒక్కసారిగా బెత్తెడు దిగింది. కూర్చుంది, ఇక పునాది తీయొచ్చు అన్నారు. ఆ నమ్మకం నా అరికాళ్లలో ఉండిపోయింది.

తర్వాత ఉద్యోగరీత్యా హిమాచల్ కొండల్లో మూడేళ్లున్నాను. అక్కడ నా పై అధికారి గుడివాడాయన. చుట్టరికం లేకపోయినా బావగారూ అనే పిలిచేవాణ్ణి. కృష్ణ కరకట్ట తప్ప ఇంకో ఎత్తు ఎరగని మేమిద్దరం సెలవు రోజుల్లో ఒక గైడు దగ్గర స్కీయింగ్ నేర్చుకున్నాం. జారడం కంటే జాగ్రత్తలే ఎక్కువ చెప్పేవాడతను. కొత్త మంచు పడగానే ఏటవాలు జోలికి వెళ్లొద్దనీ, గాలి మంచును తెచ్చి పోసిన పక్కకు అసలే వద్దనీ, కాలి కింద ధబ్‌మంటే వెనక్కి తిరగమనీ. బుద్ధిగా తలూపేవాళ్లం.

ఒక ఆదివారం గైడు లేకుండా బయలుదేరాం. మంచు కురిసి రెండు రోజులైంది, ఎండ బాగుంది. వాలు అంచుకు చేరేసరికి మా కింద ధబ్‌మంది. మంచు బెత్తెడు దిగింది. వెనక్కి వెళ్దామా అన్నట్టు బావగారు నా వైపు చూశారు.

గైడు మాట నాకు గుర్తుంది. కానీ ఆ దిగడం నాకు బాగా తెలిసిందే అనిపించింది.

"కూర్చుంది బావగారూ, ఫర్వాలేదు. వెళ్లండి."

ఆయన వెళ్లారు. నాలుగు మలుపులు తిరిగారో లేదో, పైన మంచుకు అడ్డంగా చీలిక పడింది. వాలంతా పలకలుగా విరిగి జారింది. అది ఆగాక ఒక చెయ్యి మాత్రం కనిపించింది. గైడు పోరు పడలేక సంచిలో పెట్టుకున్న చిన్న పారతో తవ్వాను. బతికారు. ఎడమ మోకాలు మాత్రం బాగుపడలేదు.

తర్వాత గైడు ఆ విరిగిన చోటు చూపించాడు. పైన గట్టి పలక, దాని అడుగున పంచదార పలుకుల్లాంటి వదులు మంచు. మేము విన్నది ఆ అడుగు పొర కూలిన చప్పుడు. మట్టి దిగితే గట్టిపడుతుంది, మంచు దిగితే పైపొరకు పట్టు పోతుంది. ఇది తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు, చెప్పింది వింటే చాలు. సిగ్గుతో చచ్చిపోయాను.

బావగారు రిటైరై గుడివాడ వచ్చేశారు. తప్పు నాదని ఎప్పుడు మొదలుపెట్టినా మాట మార్చేసేవారు. మొన్న వానలు వెలిశాక ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్లేసరికి, కొత్తగా మెరక తోలించిన స్థలం మధ్యలో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. మట్టి బాగా దిగింది.

"కూర్చుందంటావా? నువ్వు చెబితే రేపే పునాదికి ముగ్గు పోయిస్తాను."

పార తెప్పించమని అడిగి, అడుగున ఎలా ఉందో చూడ్డానికి మోకాలి లోతు గొయ్యి తీశాను.