ఆ మెట్ల మీద ఆయన అడిగిన ప్రశ్నలు

పోయిన వారం మా పక్కింటివాళ్ళు పెరట్లో రాళ్ళు పరిపించుకున్నారు. ఈ అమెరికాలో, మా హెర్న్‌డన్‌లో ఎండాకాలం వచ్చిందంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి తవ్వించుకుంటూనే ఉంటారు కాబట్టి మొదట పట్టించుకోలేదు గానీ, రాయి కోసే మిషను చప్పుడు వినపడగానే ఒలుస్తున్న చిక్కుడుకాయలు అక్కడే వదిలేసి కిటికీ దగ్గరికి పోయాను. ఆ చప్పుడు నాకు పరాయిది కాదు, ఇరవయ్యేళ్ళు దాని పక్కనే బతికాను. ఒకడు రాయి కోస్తుంటే ఇంకొకడు పైపుతో నీళ్ళు పోస్తున్నాడు, ఇద్దరి మూతులకూ తొడుగులున్నాయి, దుమ్మన్నది గాలిలోకి లేవకుండా బురదై కిందికి కారిపోతోంది. ఇంతేనా, ఇన్ని నీళ్ళు పోస్తే సరిపోయేదా అనుకుని అక్కడే నిలబడిపోయాను. అప్పటినుంచీ ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది. నాకు రాయడం రాదు, సంతకం ఒక్కటే మా అమ్మాయి నేర్పింది. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండి ఎమ్మెస్ చదువుకుంటున్న ఒంగోలు పిల్ల నేను చెబుతుంటే రాసిపెడుతోంది.

మాది మార్కాపురం. నా ఈడువాళ్ళు ఏ ఊళ్ళో అక్షరాలు దిద్దినా ఆ పలక చాలావరకు మా ఊరిదే అయ్యుంటుంది. నేలలోంచి నల్లరాయి తీసి, పొరలు పొరలుగా చీల్చి, కోసి, అరగదీసి, చుట్టూ చెక్క బిగిస్తే పలక. మా ఇంటాయన కోత మిషను దగ్గర, నేను అరగదీసే చోట పనిచేసేవాళ్ళం. నా చేతుల మీదుగా ఎన్ని పలకలు పోయాయో దేవుడికెరుక గానీ ఒక్కదాని మీదా అ అనే అక్షరం రాసి ఎరగను. సాయంత్రం పని దిగేసరికి మొగుడూ పెళ్ళాలం ఒకరినొకరు గుర్తుపట్టలేనట్టు, కనురెప్పలతో సహా బూడిద రంగుకు తిరిగేవాళ్ళం. అప్పుడు మేస్త్రీ తలా ఒక బెల్లంముక్క చేతిలో పెట్టేవాడు. గొంతులో దుమ్మంతా బెల్లానికి అంటుకుని కడుపులోకి జారిపోతుందని, పొద్దునకల్లా ఒళ్ళు శుభ్రమైపోతుందని అందరికీ నమ్మకం. ముక్కుకు గుడ్డ కట్టుకున్నవాణ్ణి చూసి, ఏరా కొత్తపెళ్ళికూతురా ముసుగేందిరా అని ఎగతాళి చేసేవాళ్ళు. మా ఇంటాయన కూడా ఒకరోజు తువ్వాలు కట్టుకుంటే, అందరిలోకీ గట్టిగా నవ్వింది నేనే. మళ్ళీ ఎప్పుడూ కట్టుకోలేదు.

దగ్గు మొదలైన చాలా ఏళ్ళకు గానీ ఆసుపత్రికి పోలేదు. పోతే టీబీ అని మందులిచ్చారు, తగ్గలేదు. ఆఖరికి ఒంగోలులో ఒక డాక్టరు ఎక్స్‌రే తీసి, దాన్ని వెలుగుకు ఎత్తి చూపించి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుపోయిందమ్మా, దీనికి మందు లేదు, ఉన్న ఊపిరిని పొదుపుగా వాడుకోవాలి, మెట్లెక్కనివ్వద్దు, బరువులెత్తనివ్వద్దు అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఇంటాయన నా చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుని, అమ్మాయికి చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. మాకు ఒక్కతే కూతురు. ఎమ్మెస్ అయి అప్పుడే ఇక్కడ ఉద్యోగంలో చేరింది. హెచ్ వన్ వీసా కాగితాలు నడుస్తున్నాయి, అవి చేతికొచ్చేదాకా దేశం దాటకూడదంట. ఈ సంగతి తెలిస్తే అన్నీ విసిరికొట్టి విమానం ఎక్కేస్తుందని ఆయన భయం. ఆయన ఊపిరంతా ఖర్చుపెట్టి చదివించిన చదువది. ఇక నా భయం నాకుంది. తల మీద వేసిన ఒట్టు తప్పితే ఆ తల ఉండదని మా అమ్మ నాకు చిన్నప్పుడే చెప్పింది, నేను నమ్మాను.

ఆ ఏడే అమ్మాయి, తనను చూడటానికి రమ్మని మాకు టికెట్లు పంపింది. కాళ్ళు ఆడుతుండగానే బిడ్డ ఎక్కడుంటుందో చూసి వస్తానన్నాడు ఆయన, వచ్చాం. ఆకులు ఎర్రబడే కాలంలో ఒక శనివారం, తను చదువుకున్న ఊరు చూపిస్తానని పొద్దున్నే కారెక్కించుకుని నాలుగు గంటలు తీసుకుపోయింది. ఆ ఊరి పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. ఇంగ్లండు నుంచి వచ్చిన దొరలు, వాళ్ళ దేశంలోని పాతకాలపు చదువుల ఊళ్ళను మరిచిపోలేక అచ్చంగా అట్లాగే ఇక్కడ కట్టుకున్నారని అమ్మాయి చెప్పింది. కోటల్లాంటి బడులు, వాటి గోడల నిండా పాకిన తీగలు, చూరు కింద నాలుకలు చాచిన రాక్షసుల బొమ్మలు, వాన వస్తే నీళ్ళు ఆ నోళ్ళలోంచి పడతాయంట. పిల్లలు అన్నం తినే గది కూడా చర్చిలా అంత ఎత్తున ఉంది. చదువుకోసం ఇన్ని రాళ్ళు మోశారా అని నాకు ఆశ్చర్యమేసింది.

మా ఇంటాయన మటుకు గోడలు చూడలేదు, తలెత్తి కప్పులు చూస్తున్నాడు. ఆ కప్పులన్నీ చేప పొలుసుల్లాగా నల్లరాతి రేకులు. ఇదిగో చూడవే, మన రాయే, మనం పిల్లల చేతికిచ్చాం, వీళ్ళు నెత్తిన పెట్టుకున్నారు అన్నాడు.

అమ్మాయి నవ్వింది. "నాయనా, ఇది ఇక్కడి రాయి. మార్కాపురం నుంచి ఎవురు తెస్తారు ఇంత దూరం?"

"రాయి యాడిదైతే ఏందిలే తల్లీ, కోసినోడి ముక్కు ఒకటే కదా."

అదీ జోకే అనుకుని మళ్ళీ నవ్వింది పిచ్చిది.

అట్లా తిరుగుతూ ఒక టవర్ దగ్గరికి వచ్చాం. లోపల మెలికలు తిరిగిన రాతిమెట్లు, పైన గంట. అమ్మాయి అప్పటికే టికెట్లు తీసుకుంది. చదువుకునే రోజుల్లో ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తే ఈ టవర్ ఎక్కి కూర్చునేదంట, ఉద్యోగమొస్తే మా నాయనను తీసుకొచ్చి ఇక్కడ నిలబెడతానని మొక్కుకుందంట. ఆ మాట చెప్పేటప్పుడు దాని మొహం చూసి ఆయన ఇంకేమీ ఆలోచించలేదు. జేబులోంచి బెల్లంముక్క తీసి బుగ్గన పెట్టుకుని, పద తల్లీ అన్నాడు.

అమ్మాయి ముందు, ఆయన మధ్యలో, వెనక నేను. మొదటి మెలిక తిరిగేసరికే ఆయన ఛాతీలో పిల్లికూతలు నాకు వినపడుతున్నాయి. అప్పుడు మొదలుపెట్టాడు ప్రశ్నలు. జన్మలో ఎవర్నీ ఏదీ అడిగి ఎరగని మనిషి, ఈ బడి ఎవరు కట్టించారు అని అడిగాడు. అమ్మాయి ఆగి, వెనక్కి తిరిగి, ఇంత కథ చెప్పింది. ఆయన గోడకు ఆనుకుని, తలూపుతూ, ఆ కథ అయ్యేలోగా ఊపిరి కూడదీసుకున్నాడు. నాలుగు మెట్లెక్కి, ఇంత బరువు రాళ్ళు పైకి ఎట్లా చేర్చారు అన్నాడు. మళ్ళీ ఆగింది, మళ్ళీ చెప్పింది. ఇక్కడ పిల్లలు ఏం తింటారు, నువ్వు ఏ గదిలో ఉండేదానివి, ఈ గంట ఎప్పుడు కొడతారు, చలికాలం దుప్పటి చాలేదా. ఒక్కొక్క ప్రశ్నా ఒక మెట్టు మీద. అడగడానికి ఖర్చయ్యే ఊపిరి కంటే, అది చెబుతున్నంతసేపూ దొరికే ఊపిరి కొంచెం ఎక్కువ, అంతే ఆయన లెక్క.

"మా నాయనకు ఇంత ఇంట్రెస్ట్ ఉందని నాకు తెలీదమ్మా, ఫోన్లో ఒక్క ముక్క మాట్లాడడు!" అని పైనుంచి మురిసిపోతోంది.

సగం పైన ఒక కిటికీ ఉంది. ఆ వెలుగులో గోడను పట్టుకున్న ఆయన చెయ్యి చూశాను. గోళ్ళు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఇక నావల్ల కాలేదు, అమ్మాయీ అని పిలిచాను. అది ఆగింది. ఆయన వెనక్కి తిరిగి నన్ను చూస్తూ, జుట్టు సర్దుకుంటున్నట్టుగా తన చెయ్యి తన నెత్తిన పెట్టుకున్నాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, నా మోకాళ్ళు పీకుతున్నాయి, కాసేపు కూర్చుందామే అన్నాను.

"అబ్బా, నువ్వు కిందుండాల్సిందమ్మా. నాయన్ని చూడు, ఎంత హుషారుగా ఎక్కుతున్నాడో. రా, ఇంక కొంచెమే, పైకెళ్తే ఊరంతా కనపడుద్ది."

కూర్చోనివ్వలేదు. ఎక్కాం. పైన ఎర్రటి చెట్లు, నల్లటి కప్పులు, దూరంగా ఏదో చెరువు. ఆయన రెండు చేతులతో ఇనుప కమ్మీ పట్టుకుని, నోరు మూసుకుని, ముక్కుపుటాలు ఎగరేస్తూ నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. అమ్మాయి ఫోటోలు తీస్తూ, చూడమ్మా, నాయనకు మాట కూడా రావట్లేదు అంది. అవునమ్మా అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో పెట్రోలు బంకు దగ్గర బాత్రూములోకి పోయి, తువ్వాలు ఉతికి పిండుకుని వచ్చాడు. ఎందుకని నేను అడగలేదు. వెనక సీట్లో నా భుజాన తల వాల్చి పడుకున్నాడు. ఎన్నాళ్ళకో బాగా తిరిగాడు కదా, అలిసిపోయుంటాడులే అంది అమ్మాయి, పాట పెట్టుకుని డ్రైవ్ చేస్తూ.

ఆ రోజుతో మిగిలిన కాస్త ఊపిరీ ఖర్చయిపోయింది. ఊరు గుర్తొస్తోందని చెప్పి ముందుగానే టికెట్లు మార్పించుకుని వెళ్ళిపోయాం. శివరాత్రి లోపలే పోయాడు. ఒట్టు నిలబెట్టుకున్నాను, తల నిలబడలేదు.

అప్పటికి కాగితాలు వచ్చాయి కాబట్టి పెద్దకర్మకు అందుకుంది అమ్మాయి. బీరువా మీద ఎక్స్‌రే కవరు దానికే దొరికింది. చదువుకున్న పిల్ల కదా, ముందు తేదీ చూసింది. అంటే టవర్ ఎక్కిన రోజుకు నీకు తెలుసు అంది. ఒట్టు సంగతి చెప్పాను.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టకపోయావా అమ్మా!" అని గోడకేసి తల కొట్టుకుంది. తర్వాత నా పక్కనే వచ్చి కూర్చుని, ఆ రోజు ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ, ఇది ఊపిరి కోసమా, ఇది ఊపిరి కోసమా అని అడిగింది. నేను తలూపుతూ పోయాను. ఆఖరికి చిన్నపిల్ల గొంతుతో, "దుప్పటి చాలేదా అన్నది కూడానా?" అంది.

కాదమ్మా, అది నిజంగానే అడిగాడు అన్నాను. నాకేం తెలుసు? ఆయన మొహం నాకు కనపడలేదు, నేను వెనకున్నాను.

ఇప్పుడు ప్రతి ఏడూ ఆరు నెలలు దీని దగ్గరే ఉంటాను. ఆ ఊరి ఫోటో ఒక్కటీ ఈ ఇంట్లో లేదు. మన తరంలో జబ్బు దాచుకోవడం పెద్దతనం అనుకున్నాం, పిల్లల దాకా రానివ్వకపోవడమే ప్రేమ అనుకున్నాం. ఈ తరంవాళ్ళు తుమ్మొచ్చినా నలుగురికీ మెసేజ్ పెట్టుకుంటారు, అదే మంచిదేమో. ఒకప్పుడు ఫోనులో ఎట్లా ఉన్నావమ్మా అని అది అడిగితే, బాగున్నానే అంటే, సరే అని పెట్టేసేది. ఇప్పుడు పొద్దున ఆఫీస్‌కి పోతూ అదే మాట అడుగుతుంది, బాగున్నాననే నేనూ చెబుతాను, నిజంగానే బాగుంటాను. అది మటుకు వాకిట్లో బూట్లు వేసుకుంటున్నట్టు వంగి, నా రొమ్ము ఎట్లా ఎగిరి పడుతోందో చూసుకుని గానీ గడప దాటదు.